బోడిగుండు నెమలి

మా తమ్ముడు నోరు తెరిచాడంటే మూయించడం ఎవరి తరమూ కాదు. మొన్న సుబ్బరాయుడి షష్ఠికి ఇద్దరం కలిసి మా ఊరి పక్క ఆయన గుడి ఉన్న గుట్టకు బయలుదేరాం. ఆదోనిలో ఆటో ఎక్కింది మొదలు, ఉగ్గానికి బొరుగులు ఎంతసేపు నానబెట్టాలో, బజ్జీకి ఎట్లాంటి మిరపకాయ ఏరుకోవాలో, పత్తికి ఈ ఏడు పురుగు ఎందుకు పట్టిందో, అన్నీ డ్రైవరుకు చెప్పుకుంటూ వస్తున్నాడు. ఆ పిల్లవాడు "అవునా సార్, అవునా సార్" అని అని చివరికి అది కూడా మానేశాడు. నేను కళ్లు మూసుకుని వింటున్నాను. డెబ్భై దాటిన మనిషికి ఇంత ఊపిరి ఎక్కడినుంచి వస్తుందో ఆ స్వామికే తెలియాలి.

ఎమ్మిగనూరు రోడ్డులో ఒకచోట ఉన్నట్టుండి వాడి మాట ఆగిపోయింది. ఈ వయసులో మనిషి మాట మధ్యలో ఆగితే ఏమనుకోవాలి? కళ్లు తెరిచి చూస్తే వాడు నిక్షేపంగా ఉన్నాడు, వేలు పెట్టి రోడ్డు పక్కకు చూపిస్తున్నాడు. రేకు మీద ఎర్రరంగుతో రాసి ఉంది: 'ఇచట టర్కీ కోళ్లు అమ్మబడును'. వెనక ఇనుప జాలీ. జాలీ లోపల నల్లటి ఈకలు ఉబ్బించుకుని, ఎర్ర గొంతులు వేలాడేసుకుని ఒక మంద.

"ఆపప్పా, ఆపు ఆపు!" అని దిగి, పంచె ఎగ్గట్టుకుని జాలీ దగ్గరికి పోయి, చిన్నపిల్లాడి మాదిరి తల ముందుకు సాచి "గుళగుళగుళగుళ" అన్నాడు. మంద మొత్తం ఒక్కసారిగా "గుళగుళగుళగుళ" అని బదులిచ్చింది.

డ్రైవరు బిత్తరపోయి నా వైపు తిరిగాడు. "ఏమైందవ్వా సారుకు?"

"ఏం కాలేదు నాయనా. వాడు మొట్టమొదట మాట్లాడింది వాటితోనే. మనుషులతో మాట్లాడేది తర్వాత నేర్చుకున్నాడు" అన్నాను.

ఆ అబ్బాయి నేను పరాచికాలాడుతున్నాననుకుని నవ్వేశాడు. నేను చెప్పింది మాత్రం అక్షరాలా నిజం.

మా తాలూకా బళ్లారినుంచి విడిపోయి ఇటు ఆంధ్రలో కలిసిన కొత్తలు. కర్నూలు రాజధాని అయిందని మా నాయన రచ్చకట్ట మీద మీసం దువ్వుకునే రోజులు. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య మా ఊరు. ఒకవైపు నల్లరేగడి, ఒకవైపు ఎర్రనేల, నడుమ మా ఇల్లు. ఇంట్లో ఎప్పుడు చూసినా పత్తి గింజల వాసన, చెనక్కాయల వాసన, పొయ్యి మీద మాడిన జొన్నరొట్టె వాసన. ఈ మూడూ కలిసిన వాసన ఇప్పుడు ఎంత డబ్బు పోసినా దొరకదు.

మా తమ్ముడికి నాలుగేళ్లు నిండుతున్నా మాట రాలేదు. చెవులు బ్రహ్మాండంగా వినిపిస్తాయి. వంటింట్లో బెల్లం డబ్బా మూత తీస్తే వీధిలో ఉన్నవాడు పరుగెత్తి వస్తాడు. ఏం కావాలన్నా మా చెయ్యి పట్టుకుని లాక్కుపోయి చూపిస్తాడు. నోటినుంచి మాత్రం 'అ' అని గానీ 'ఉ' అని గానీ రాదు. ఏడిస్తే కూడా సద్దు లేకుండా కన్నీళ్లే కార్చేవాడు. ఆ ఏడుపు చూడలేక మా అమ్మ ముఖం తిప్పుకునేది.

చేయని వైద్యం లేదు. వసకొమ్ము అరగదీసి నాలిక మీద రాశారు. చిలక కొరికిన జాంపండు తినిపిస్తే మాటలొస్తాయని ఎవరో అంటే, నేను తోటలన్నీ తిరిగి, చిలక కొరికినవి దొరక్క నేనే కొరికి తెచ్చి ఇచ్చిన రోజులున్నాయి. ఆదోని డాక్టరు నోట్లోకి బ్యాటరీ లైటు వేసి చూసి, అంతా బాగానే ఉంది, వచ్చినప్పుడు వస్తాయన్నాడు. ఆ మాట మా అమ్మకు అస్సలు నచ్చలేదు. అమ్మది హాలహర్వి పక్క. బాధ కలిగినా సంతోషం కలిగినా కన్నడం వచ్చేస్తుంది. "అయ్యో దేవరే, ఆ మాట సెప్పేదానికి డాక్టరెందుకు?" అని బండిలో ఇంటిదాకా గొణుక్కుంటూ వచ్చింది.

మా అవ్వ, అంటే మా నాయనమ్మ, ఇంకో రకం. ఆమెకు డాక్టర్లూ వద్దు, వసకొమ్మూ వద్దు. ఆమె లెక్కంతా సుబ్బరాయుడితోనే. మా ఊరికి కోసెడు దూరంలో గుట్ట మీద ఉంటాడాయన. చిన్న గుడి, నున్నటి రాతిమెట్లు, ఒకటే గంట. పిల్లోడికి మాటలొస్తే ప్రాణమున్న నెమలిని తెచ్చి గుట్ట మీద వదులుతానని మొక్కుకుంది. అంతవరకూ ఎవరైనా చేసేదే. కానీ మా అవ్వ ఆలోచన అక్కడ ఆగలేదు.

"కోరిక తీరినాక మొక్కు తీర్చేది అందరూ సేసేదే. అందుకే దేవుడు నింపాదిగా ఉంటాడు. ముందే ఇచ్చేసినామనుకో, ఆయనకు మొహమాటం పుడ్తాది. తీసుకున్నాక ఊరికే కూసుంటాడా? మనమైతే కూసుంటామా?" అంది.

మా నాయన తల గోక్కున్నాడు. "దేవుడికి మొహమాటమేందమ్మా?"

"ఉంటాదిరా. పెండ్లాలిద్దరున్న దేవుడికి మొహమాటం లేకుండా ఎట్లుంటాది?" అంది అవ్వ.

సరే, నెమలి ఎక్కడినుంచి వస్తుంది? పట్టుకుందామంటే దొరకదు. ఉగాది ముందు ఒకరోజు సూదులూ దబ్బనాలూ పూసలూ అమ్ముకుంటూ ఊరూరా తిరిగే ఒకాయన మా ఇంటి ముందు గంప దించాడు. గంపలో ఒక మూల, గుడ్డపేలికల మధ్య పెద్ద పెద్ద గుడ్లు. తెల్లగా, వాటి మీద మిరపగింజలు చల్లినట్టు గోధుమరంగు చుక్కలు.

"ఏం గుడ్లప్పా ఇవి?" అంది అవ్వ.

"తెల్దవ్వా. దావలో కంపచెట్ల కింద దొరికినాయి. ఏదో పెద్దపిట్టవి."

"నెమిలివేనా?"

"అయ్యుండొచ్చవ్వా."

"ఉండొచ్చు గిండొచ్చు కాదు. నెమిలివే!" అని అవ్వ అక్కడికక్కడే తీర్పు చెప్పేసింది. ఆయన పాపం అబద్ధం ఆడలేదు. అవ్వే ఆయన చేత అవుననిపించి, చేటనిండా జొన్నలు పోసి గుడ్లు తీసుకుంది. మా దిక్కు నెమలి గుడ్లు దొరికితే కోడి కింద పెట్టి పొదిగించడం ఉన్నదే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

మా ఎర్రకోడి ఆ గుడ్ల మీద కూర్చుంది. మామూలు గుడ్లకు పట్టే రోజులు దాటినా లేవలేదు. మధ్యమధ్యలో మా వైపు చూసే చూపు ఉంది చూశారూ, నన్నెందుకు ఇట్లా మోసం చేశారని అడుగుతున్నట్టే ఉండేది. చివరికి ఒక్క గుడ్డు చిట్లింది. మిగతావన్నీ మురిగిపోయాయి. అందులోంచి పొడుగు కాళ్ల పిల్ల ఒకటి వచ్చి, తడి ఆరకముందే పడుతూ లేస్తూ, వాకిట్లో బొంత మీద కూర్చున్న మా తమ్ముడి ఒళ్లోకి ఎక్కింది.

అంతే. ఆ రోజునుంచీ అది వాణ్ణి వదిలితే ఒట్టు. వాడు జొన్నరొట్టె తింటే అదీ తినాలి. వాడు ఊరిమిండి పచ్చడిలో వేలు పెట్టి నాకితే అదీ ముక్కు పెట్టాలి. కారం తగిలి తల విదిలించుకుని మళ్లీ పెట్టేది. గురుగాకు అంటే దానికి ప్రాణం. నేను పొలం గట్లన్నీ తిరిగి ఒడి నిండా కోసుకొచ్చేదాన్ని. మా తమ్ముడు ఆకు ఆకు అందిస్తూ దాని మెడ నిమురుతూ కూర్చునేవాడు. నెమలికి ఇంత సేవ చేసిన ఇల్లు మాదేనని అవ్వ ఊరంతా చెప్పుకునేది.

నెమలి పెరిగింది. పెరిగేకొద్దీ చిక్కొచ్చిపడింది. తల మీద కుచ్చు రాలేదు. కుచ్చు మాట దేవుడెరుగు, ఉన్న నూగు కూడా రాలిపోయి బోడిగుండు మిగిలింది. మెడ మీద ఎర్రటి పులిపిర్లు లేచాయి. గొంతు కింద ఎర్రటి తిత్తి ఒకటి వేలాడింది. ముక్కు మీదినుంచి ఇంకో తోలుముక్క జారింది. కోపం వస్తే అవన్నీ నీలంగా మారేవి. ఊళ్లోవాళ్లు వచ్చి చూసి, అవ్వ ముఖం చూసి, ఏమీ అనకుండా పోయేవాళ్లు.

ఒకరోజు మా నాయనే ధైర్యం చేశాడు. "అమ్మా, నెమిలికి కుచ్చుంటాది గదా. దీనికి బోడిగుండేంది?"

"మొక్కున్న పిట్టరా అది! తిరపతి పోయినోని నెత్తిన గుండు గాక జుట్టుంటాదా?"

అదే వారంలో అవ్వ పంట పండింది. పక్కింటి కుక్క వాకిట్లోకి రాగానే ఆ పక్షి ఈకలన్నీ ఉబ్బించి, రెక్కలు నేలకు ఈడ్చి, తోక గుండ్రంగా విసనకర్ర మాదిరి విప్పింది. "పురి విప్పింది! పురి విప్పింది!" అని అవ్వ వీధిలోకి పరుగెత్తింది. జనం చేరారు. తోక పొట్టిగానే ఉంది, నీలం కళ్లు లేవు, రాగిచెంబు రంగు. "రంగులు ఇంకా దిగలేదు. కార్తీకానికి దిగుతాయి" అని అవ్వ అందరికీ సర్దిచెప్పింది. ఒకామె కర్పూరం కూడా వెలిగించింది. ఆ పక్షి కర్పూరం వైపు చూసి "గుళగుళగుళగుళ" అని ఒక్క అరుపు అరిచింది. అది నోరు విప్పడం అదే మొదలు.

అప్పుడే మా అందరి నోళ్లూ తెరుచుకుపోయే సంగతి జరిగింది. మా తమ్ముడు దాని ఎదురుగా గొంతుక్కూర్చుని, తల ముందుకు సాచి, "గుళగుళ" అన్నాడు.

నాలుగేళ్లలో వాడి గొంతు మేం వినడం అదే. సన్నగా, కొంచెం బొంగురుగా ఉంది. పక్షి బదులిచ్చింది. వాడు మళ్లీ అన్నాడు. అది మళ్లీ ఇచ్చింది. ఇక పొద్దస్తమానం ఇద్దరికీ అదే కబుర్లు. ఆ పక్షి ఎవరు గట్టిగా శబ్దం చేసినా బదులిస్తుందని పిల్లలందరికీ తెలిసిపోయింది. రచ్చకట్ట దగ్గర పెద్దవాళ్లు పంచాయతీ చేస్తుంటే మేం దాన్ని గోడ వెనక్కి తోలుకుపోయి నిలబెట్టేవాళ్లం. "నేను సెప్పేది న్యాయమా కాదా?" అని ఎవరైనా గొంతు పెంచారో లేదో, గోడ వెనకనుంచి "గుళగుళగుళగుళ". పంచాయతీ కాస్తా నవ్వుల పాలయ్యేది. నాయన చేతిలో నాకు రెండు తగిలాయి కూడా.

మా అమ్మకు మాత్రం ఇదేమీ నవ్వులాట కాలేదు. ఒకరోజు రోటి దగ్గర కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "నా బిడ్డకు మాటలు రాలేదు సరే. ఇప్పుడు పిట్టకూతలొచ్చినాయి. ఇంక మనిసి మాట వస్తాదా అత్తా? ఇట్లే ఉండిపోతాడేమో. రేపు నేను పోతే వాడు ఆకలని ఎవురికి సెప్పుకుంటాడు?"

అవ్వ వచ్చి అమ్మ పక్కన కూర్చుని తల నిమిరింది. "పిల్లోడు స్వామి వాహనం కాడ మొదలుపెట్టినాడు. స్వామి కాడికి పోనీ, మిగిలింది ఆయన సూసుకుంటాడు. షష్ఠికి ఇచ్చేస్తాంలే" అంది. ఎప్పుడూ ఖంగుమనే గొంతు అంత మెత్తబడేసరికి నాకూ భయం పట్టుకుంది. షష్ఠికి స్వామి ఆ పక్షిని తీసుకుంటే తమ్ముడు మాట్లాడతాడు, తీసుకోకపోతే ఎప్పటికీ మాట్లాడడు. నా చిన్నబుర్రలో అదే నాటుకుపోయింది. రోజూ గురుగాకు వేస్తూ దాని బోడితల చూసి, "తల్లీ, కుచ్చు మొలిపించుకోవే" అని బతిమాలేదాన్ని. అది "గుళగుళ" అనేది.

కార్తీకం వెళ్లింది. రంగులు దిగలేదు. షష్ఠి వచ్చింది.

తెల్లవారుతూనే బండి కట్టారు. చలి. అమ్మ నువ్వులు దంచి బెల్లం కలిపి చిమ్మిలి ఉండలు చేసి అరిటాకులో కట్టింది. అవ్వ తలంటుకుని, పట్టుచీర లేక ఎమ్మిగనూరు మగ్గం చీరే మడి ఆరేసుకుని కట్టుకుంది. పక్షికి పసుపు పూసి, కాళ్లకు మెత్తటి గుడ్డ కట్టి, కొత్త దుప్పట్లో చుట్టి చంకనెత్తుకుంది. మా తమ్ముడు బండిలో దాని తోక పట్టుకుని కూర్చున్నాడు. దాన్ని ఇచ్చేయడానికి పోతున్నామని వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేనే. నాకు నోరు రాలేదు.

గుట్ట కింద బొరుగుల కుప్పలు, కొబ్బరికాయలు, గాజులు, కుంకుమ. జనం పక్కకు తప్పుకుని అవ్వకు దారి ఇచ్చారు. మా ఊరివాళ్లు ఆమె వెనకే, "నెమిలి మొక్కు, నెమిలి మొక్కు" అని నడిచారు. అవ్వ మెట్లెక్కుతుంటే వంగిన నడుము కూడా నిటారుగా అయినట్టుంది. పైకి చేరాం. పూజారయ్య హారతి పళ్లెం పట్టుకుని గడపలోకి వచ్చాడు. అవ్వ దుప్పటి తీసింది. సరిగ్గా అప్పుడే గుళ్లో గంట మోగింది.

"గుళగుళగుళగుళ!"

గుట్టంతా వినిపించేలా అరిచిందది. గంట మళ్లీ మోగింది. మళ్లీ అరిచింది. జనం గొల్లున నవ్వారు. పూజారయ్య పళ్లెం పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే నిలబడి దాని తల, గొంతు, ముక్కు మీది తోలు, అన్నీ మార్చి మార్చి చూశాడు. "ఇది… ఏందవ్వా ఇది?"

అవ్వ నోరు విప్పేలోగా కిందినుంచి ఒక మనిషి ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. ఖాకీ నిక్కరు, తెల్ల చొక్కా, చేతిలో కూరగాయల సంచీ. ఆదోని అవతల ఒక తెల్లదొర బంగళాలో వంట చేసే బట్లరు. ఊరు చిప్పగిరి పక్క, అచ్చం మనలాంటి మనిషే. షష్ఠి బజారుకు సరుకులకొచ్చి, ఆ అరుపు చెవిన పడి పరుగెత్తుకొచ్చాడు.

"ఓయవ్వో! ఇది నీకు యాడ దొరికింది? ఇది మా బంగళా టర్కీ కోడి! పెట్టలు కంపల్లో పడి గుడ్లు పెట్టి పోయినాయి, నక్కలు తినేసినాయనుకుంటాండాము. ఇంకా వారం లేదు దొరల కిస్మస్ పండగ. కోసి, కాల్చి బల్ల మీద పెట్టేదానికి ఒక్కటి గూడా లేదని దొరసాని తల పట్టుకున్యాది. దేవుడు సూపించినట్ల సూపించినాడు!"

కోడి! ఆ ఒక్క మాటతో నవ్వులు ఆగిపోయాయి. షష్ఠి పూట, మడితో, పసుపు పూసి, గుడి గడప దాకా కోడిని తెచ్చింది మా అవ్వ. వెనక నడిచి వచ్చినవాళ్లు మెల్లగా జరిగి దూరంగా నిలబడ్డారు. కర్పూరం వెలిగించినామె అయితే నాకేం తెలియదన్నట్టు కొబ్బరికాయ వైపు చూసుకుంది. పూజారయ్య ఒక అడుగు వెనక్కి వేసి, "ఇది గడప దాటకూడదు" అన్నాడు.

అవ్వ మెట్టు మీద కూలబడింది. అంత పెద్ద మనిషి, ఊళ్లో ఎవరికీ ఒక్క మాట పడని మనిషి, చిన్నపిల్ల మాదిరి అందరి ముఖాలూ చూసింది. "స్వామి వద్దన్నాడే" అంది అమ్మతో. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయిపోయింది, ఇంక వాడు మాట్లాడడు అనుకున్నాను.

బట్లరు అవ్వ చేతిలోంచి పక్షిని తీసుకుని కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీశాడు. అది రెక్కలు కొట్టుకుంది. ఎవరూ అడ్డం పోలేదు.

మా తమ్ముడు జనం కాళ్ల సందుల్లోంచి దూరి వచ్చి ఆ మనిషి నిక్కరు పట్టుకుని లాగాడు. మామూలుగా మా చెయ్యి పట్టుకుని లాగినట్టే. ఆయన పట్టించుకోలేదు. "గుళగుళ" అన్నాడు వాడు. తలకిందులుగానే పక్షి బదులిచ్చింది. ఆయన నవ్వి ఒక మెట్టు దిగాడు. అప్పుడు మావాడి ముఖమంతా ఎర్రబడింది. మెడ నరాలు లేచాయి.

"కొయ్యొద్దు!"

ఎవరన్నారో ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు.

"కొయ్యొద్దు! నా నెమిలి! నా నెమిలి అది!"

తేటగా, గంట కొట్టినట్టు వచ్చింది మాట. మా అమ్మ "అయ్యో దేవరే, అయ్యో దేవరే" అంటూ మోకాళ్ల మీద పడి వాణ్ణి కరుచుకుంది. నాయన తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. నేను ఏడుస్తూనే నవ్వుతున్నాను, ముక్కు కారుతోంది, తుడుచుకునే ధ్యాస లేదు. గుండెల మీద ఎవరో పెట్టిన తిరగలిరాయి తీసి పక్కన పడేసినట్టుంది. ఇప్పుడు తలుచుకున్నా ఆ తేలిక నాకు అట్లాగే తెలుస్తుంది.

అవ్వ మాత్రం గర్భగుడి వైపు తిరిగి, వేలు చూపించి, "పడినావా సామీ మొహమాటంలో! నెమిలి గాకపోయినా పడినావా!" అని కళ్లనీళ్లతో పకపకా నవ్వింది.

"ఇంతకూ కోడి నాదే గదప్పా" అన్నాడు బట్లరు, గొంతు తగ్గించి.

పూజారయ్య పళ్లెం కింద పెట్టాడు. "పిల్లోడు ఏమన్యాడు?"

"నెమిలన్యాడు స్వామీ."

"పుట్టినప్పటినుంచి మాట్లాడని పిల్లోడు, స్వామి మెట్ల మీద నిలబడి, మొట్టమొదటి మాట అబద్దం ఆడ్తాడా?"

బట్లరు పక్షి వైపు చూశాడు, పిల్లాడి వైపు చూశాడు, మా అమ్మ వైపు చూడలేకపోయాడు. పక్షిని నిలబెట్టి, కాళ్ల గుడ్డ విప్పాడు. "నెమిలే లెండి. కానీ దొరసానికి నేనేం సెప్పేది?"

"మా ఇంట్లో నాటుకోళ్లుండాయి. నీకు నచ్చినన్ని పట్టుకపో నాయనా, ఎర్రకోడి ఒక్కటి వదిలిపెట్టు. దాన్ని పొదిగిన తల్లి అది" అంది అవ్వ. ఆ సాయంత్రమే ఆయన మా ఇంటికి వచ్చి, రొట్టె, వంకాయ కూర తిని, గంపలో నాలుగు కోళ్లు పెట్టుకుని పోయాడు. ఆ ఏడు దొరలు నాటుకోడి కారం తిని మహా మెచ్చుకున్నారని తర్వాత సంతలో కనిపించి చెప్పాడు. నిజమో, మమ్మల్ని సంతోషపెట్టడానికి చెప్పాడో.

మరి మొక్కు? అది గడప దాటకూడదని పూజారయ్య ముందే అన్నాడు. గుట్ట మీద వదిలితే నక్కల పాలవుతుందనీ ఆయనే అన్నాడు. "ఇంటికే తోలుకపో అవ్వా. స్వామికి వెండి నెమిలి సేయించు" అని తేల్చేశాడు. అవ్వ తన కాలి కడియం తీసింది. మా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఆదోనిలో కంసాలి ఆచారి దగ్గరికి పోయాం.

నాలుగేళ్ల మాటలన్నీ కట్ట తెగినట్టు వస్తున్నాయి వాడికి. ఆచారి ముందు కూర్చుని ఒకటే పోరు. "ఇదేంది? అదెందుకు ఊదుతావు? ఇది నా నెమిలి కాదు. నా నెమిలికి గొంతు కాడ ఏలాడ్తాది. పెట్టు. గొంతు కాడ పెట్టు." ఆచారి మొదట నవ్వాడు. తర్వాత నెమలికి అట్లాంటిది ఉండదని చెప్పి చూశాడు. వాడు వినలేదు. "ఓయమ్మా, ఈ పిల్లోడి నోరు మూయించండి, పని సాగనీయడు" అన్నాడు. మా అమ్మ ఆ మాటకు మురిసిపోయి, "అననీ అప్పా, ఎంతసేపైనా అననీ" అంది. పాపం ఆచారి. చివరికి గుండుసూది తలంత వెండి తీసుకుని, నెమలి గొంతు కింద తిత్తి మాదిరి అతికించి, "ఇంక పోతావా?" అన్నాడు.

ఆ టర్కీ కోడి మా ఇంట్లోనే ముసలిదై, ఏళ్ల తర్వాత ఒక ఎండాకాలం కన్ను మూసింది. మా ఇంట్లో ఎవరూ దాన్ని ఏనాడూ కోడి అనలేదు. అవ్వా పోయింది, అమ్మా నాయనా పోయారు. ఆ వాకిలి లేదు, ఎర్రకోడి లేదు, చెనక్కాయల వాసన లేదు.

మొన్న గుట్ట ఎక్కేసరికి మాకు ఆయాసం వచ్చింది. మెట్లకు ఇనుప కమ్మీలు పెట్టారు. ఇప్పుడున్న పూజారి కుర్రవాడు, చాలా శ్రద్ధగలవాడు. హారతి ఇచ్చి, స్వామి పాదాల దగ్గర బొటనవేలంత వెండి నెమలిని చూపించాడు. అరిగిపోయి నున్నగా ఉంది. గొంతు కింద ఆ చుక్క మాత్రం అట్లాగే ఉంది.

"ఈ నెమలి ప్రత్యేకత గమనించినారా అమ్మా? గొంతు కింద అమృతభాండం. ఇట్లాంటిది ఎక్కడా లేదు. దీని కింద తీర్థం పట్టి తాగిస్తే మాటలు రాని పిల్లలకు మాటలొస్తాయి. ఎక్కడెక్కడినుంచో వస్తారు" అన్నాడు. పక్కనే ఒక చిన్నామె, చంకలో మూడేళ్ల పిల్లతో, ఆ నెమలివైపే కళ్లు ఆర్పకుండా చూస్తోంది. ఆ ముఖం నాకు తెలుసు. రోటి దగ్గర మా అమ్మ ముఖం అదే.

మా తమ్ముడు నోరు తెరిచాడు. నేను వాడి చెయ్యి పట్టుకుని గట్టిగా గిల్లాను. వాడు నా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, మూసేశాడు. తీర్థం పట్టి, కళ్లకద్దుకుని, ఒక్క మాటైనా లేకుండా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

ఆ నోరు తెరిపించడానికి మా అవ్వ ఒక కోడిని చంకనెత్తుకుని ఈ గుట్ట ఎక్కింది. మూయించడానికి నా గిల్లుడొకటి సరిపోయింది. మెట్లు దిగేటప్పుడు మాత్రం ఆపినదంతా వడ్డీతో సహా మొదలుపెట్టాడు. ఆపమని నేను అనలేదు.